తెల్లవారుజాము గాలి స్వచ్ఛమని ఎవరన్నారు?

పుష్యమాసం వచ్చేసరికి ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలోంచి గేరు సైకిళ్లు బయటికొస్తాయి. వానాకాలమంతా బురదగా ఉన్న సలువా, కలాయికుండ వైపు ఎర్రమట్టి బాటలు ఎండి గట్టిపడతాయి. ఉక్కపోత ఉండదు. మౌంటెన్ బైకు తొక్కడానికి ఇంతకన్నా మంచి కాలం ఈ ఊళ్లో లేదు, ఆ విషయంలో పేచీ లేదు. (కొండే లేని ఊళ్లో మౌంటెన్ బైకేమిటనేవాళ్లు మామూలు సైకిలు మీద ఆ మొరం దారుల్లో ఒక్క మైలు పోయి రావాలి.) పేచీ అంతా వేళ గురించే. నాలుగున్నరకల్లా బయల్దేరితే స్వచ్ఛమైన గాలి దొరుకుతుందట. దారిలో దగ్గొస్తే మంచిదేనట, ఊపిరితిత్తుల్లో పేరుకున్న మురికి పోతోందనట! ఈ మాట నమ్మి ఉబ్బసం ఉన్న పిల్లల్నీ, రిటైరైన పెద్దల్నీ చీకట్లో మంచులోకి తోస్తున్నారు. తీరా పిల్లికూతలు మొదలయ్యాక తప్పంతా చలిమీదికి నెడుతున్నారు.

చలికాలపు రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేల త్వరగా చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడి బరువెక్కుతుంది. పైన దానికన్నా వెచ్చని గాలి మూత వేసినట్టు ఉండిపోతుంది. గాలి కదలదు. టీకొట్ల బొగ్గుల పొయ్యిలు, క్వార్టర్ల ముందు ఊడ్చి అంటించిన ఆకులు, చుట్టూ ఉన్న ఇనుము కర్మాగారాలు, హైవే మీద రాత్రంతా నడిచే లారీలు వదిలిన పొగ పైకి పోలేక మనిషి ముక్కు ఎత్తులోనే నిలుస్తుంది. పొద్దెక్కి నేల వేడెక్కాకే ఆ పొర చెదురుతుంది. మధ్యాహ్నానికి గాలి కలిసే ఎత్తు కిలోమీటరు దాకా పెరిగి, అదే పొగ పలచబడుతుంది. అందుకే చలికాలంలో మన ఊళ్లలో సన్న ధూళి, అంటే పీఎం 2.5, రాత్రి నుంచి ఉదయం దాకా ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ. ఆ ధూళికి 24 గంటల సగటు ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశపు పరిమితి 60. కదలకుండా కూర్చున్న మనిషి నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి పీలిస్తే, గట్టిగా తొక్కేవాడు 60 లీటర్లు దాటిస్తాడు, అదీ నోటితో. ముక్కులో జరిగే వడపోత కూడా ఉండదు. ఇక ఆ దగ్గు, మురికి పోతున్నందుకు కాదు, లోపలికి వస్తున్నందుకు.

చల్లగా తగులుతోంది కనుక శుభ్రమే అంటారు. ముక్కుకు తెలిసేది చలి, ధూళి కాదు. చెట్లున్నాయి కదా అంటారు. చీకట్లో చెట్టు కూడా ఆక్సిజన్ పీల్చేదే, వదిలేది కాదు. పెద్దలు బ్రాహ్మీముహూర్తాన లేవమన్నారని ఇంకొందరు. లేవండి, ఎవరొద్దన్నారు? లేచి గేరు మార్చమని మాత్రం ఏ శాస్త్రంలోనూ లేదు. ఎండెక్కాక ట్రాఫిక్ పెరుగుతుందన్నది మాత్రం ఆలోచించాల్సిన మాటే. అయితే అది జాతీయ రహదారి పట్టుకుని పోయేవాళ్ల బాధ, మొరం బాటలో లారీలు తిరగవు. పైగా పొగమంచులో ఎర్ర లైటు కూడా లేని సైకిలు లారీ డ్రైవరుకు కనిపించేటప్పటికే ఆలస్యమైపోతుంది. అడవిబాటలో ఇంకో ప్రమాదం ఉంది. 1980ల చివరి నుంచి దల్మా కొండల ఏనుగులు వరి పండే వేళకు పశ్చిమ మేదినీపూర్ అడవుల్లోకి వస్తున్నాయి. అవి పొలాల మీద పడేది రాత్రి, సాల అడవిలోకి మళ్లేది తెల్లవారుజామున. సరిగ్గా మీరు స్వచ్ఛమైన గాలికి బయల్దేరిన వేళకు.

అలాగని సైకిలు మానేయమని కాదు. 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు లెక్కగడితే, ప్రపంచంలోని చాలా నగరాల్లో సైకిలు వల్ల కలిగే మేలు కాలుష్యం చేసే కీడుకన్నా ఎక్కువని తేలింది. మార్చాల్సింది వేళే.

చలిగాలి ఛాతీకి పడదన్న పెద్దల మాటలో కొంత నిజముందని ఒప్పుకోక తప్పదు. చల్లని పొడిగాలిని వేగంగా పీలిస్తే శ్వాసనాళాలు ముడుచుకుంటాయి, ఉబ్బసం ఉన్నవాళ్లకు మరీను. మన 12 డిగ్రీలు యూరప్ మంచుతో పోలిస్తే ఏపాటివి అనొచ్చు కానీ, ఉబ్బసం ఆ పోలిక చూసుకోదు. మొదటి పది నిమిషాలు నెమ్మదిగా తొక్కి, డాక్టరు రాసిచ్చిన ఇన్‌హేలరు జేబులో పెట్టుకుంటే చాలు. మంకీ క్యాపు లేకపోతే జలుబు చేస్తుందనడం ఒట్టిమాట, జలుబు వైరస్ వల్ల. చలికి టైర్లలో గాలి తగ్గుతుందని గట్టిగా కొట్టించుకోవడం ఇంకా తప్పు. పది డిగ్రీల తేడాకు తగ్గేది మూడు నాలుగు శాతం. ఎండిన మొరం మీద గుండ్రటి రాళ్లు గోళీలు పరిచినట్టుంటాయి, అక్కడ కాస్త మెత్తని టైరే పట్టు ఇస్తుంది. దారిలో దొరికే పచ్చి ఖేజూర్ రసం, అంటే మన ఈతరసమే, బలమని తాగకండి. రాత్రి ఆ కుండల్లో గబ్బిలాలు మూతి పెడతాయి, బంగ్లాదేశ్‌లో నిపా వైరస్ మనుషులకు సోకిన దారి అదే. కాచిన బెల్లంతో ఇబ్బంది లేదు.

డిసెంబరు, జనవరిలో ఉదయం పది దాటాక బయల్దేరి, మూడున్నర నాలుగింటికల్లా ఇల్లు చేరండి. ఐదింటికి ఇక్కడ సూర్యుడు అస్తమిస్తాడు, పొగ మళ్లీ కిందికి దిగుతుంది. డ్యూటీ వల్ల కుదరనివాళ్లు సెలవు రోజునే తొక్కండి, నష్టమేమీ లేదు. దాహం వేయకపోయినా సీసాడు నీళ్లు తాగండి. దగ్గు రెండు వారాలైనా తగ్గకపోతే దాన్ని శుద్ధి అనుకోకుండా రైల్వే ఆసుపత్రిలో కఫం పరీక్ష చేయించుకోండి.