‘పింజారి’ నాజర్: తిట్టు బిరుదుగా మారిన కథ

తెలుగులో చేతివృత్తుల పేర్లకు కొదవ లేదు. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, దర్జీ... మనకు ఇల్లూ వాకిలీ, కుండా బట్టా సమకూర్చిన పేర్లు ఇవన్నీ. వాటిలో ఒక్క పేరు మాత్రం ఎందుకో తిట్టుగా మిగిలిపోయింది. ఎవరైనా పిసినారితనం చూపినా, నీచంగా ప్రవర్తించినా ‘పింజారి’ అని నోరు జారేవాళ్లు మన చుట్టూ ఎంతమంది లేరు? అలా తిట్టేవాళ్లలో చాలామందికి అది ఒక పనిచేసి బ్రతికే మనుషుల పేరని తెలియదు. తెలిసిన మనమేమో విని, తల వంచుకుని, పక్కకు వచ్చేస్తుంటాం.

అలా తల వంచుకోని ఒక పెద్దాయన గురించి ఈ వారం చెప్పుకుందాం. ఆయన దర్జీ పని చేసిన మనిషి. ప్రజానాట్యమండలి తొలితరం యోధుడు. తెలుగువారు ‘బుర్రకథ పితామహుడు’ అని గౌరవించుకున్న జనాబ్ షేక్ నాజర్. ఆయన చెప్పిన జీవితకథను అంగడాల వెంకట రమణమూర్తి అక్షరబద్ధం చేశారు. ఆ పుస్తకం పేరు ‘పింజారి’. తిట్టుగా వాడుకలో ఉన్న మాట ఒక పద్మశ్రీ గ్రహీత జీవితకథకు అట్టమీద శీర్షికగా నిలబడడం మామూలు విషయం కాదు.

పేరు వెనుక పని

ముందుగా ఆ పేరు సంగతి. గింజ తీసిన పత్తిని పొరలు పొరలుగా విడదీసి మెత్తగా చేయడాన్ని దూది ఏకడం అంటారు. నిలువెత్తు కొయ్య విల్లు, దానికి బిగించిన నరాల తాడు, ఆ తాడును మోదడానికి ఒక కొయ్య గుండు. ఇవే పనిముట్లు. తాడు దూదిలో ఆడుతుంటే చెత్తా మట్టీ రాలిపోయి దూది మేఘంలా పొంగుతుంది. ఆ దూదితోనే పరుపులు, దిండ్లు, రాట్నానికి ఏకులు. పెళ్లికూతురికి పుట్టింటివారు పెట్టే పరుపు మొదలు పసిబిడ్డ తలకింది మెత్త వరకు ఆ చేతుల మీదుగానే రావాలి. రోజంతా దూది ధూళిని పీల్చే ఈ పనిలో సుఖమేమీ లేదు.

ఈ పని చేసేవారినే దూదేకులవారనీ, పింజారులనీ, నూర్‌బాషాలనీ, లద్దాఫులనీ అంటారు. ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల ‘బి’ జాబితాలో ఈ పేర్లన్నీ ఒకే పద్దు కింద ఉన్నాయి. ఇంకో విశేషం చూడండి. సూఫీల చరిత్రలో పేరుమోసిన మన్సూర్ హల్లాజ్ పేరులో ‘హల్లాజ్’ అంటే అరబ్బీలో దూదేకేవాడనే అర్థం. ఉత్తరాదిలో ఈ వృత్తివారు ‘మన్సూరీ’ అని పిలుచుకుంటారు. ప్రళయదినాన కొండలు ఏకిన ఉన్నిలా అయిపోతాయని సూరె అల్‌ఖారిఅ వర్ణిస్తుంది. దివ్యగ్రంథం ఉపమానంగా తీసుకున్న పని మనకు తిట్టుగా ఎలా కనిపించిందో ఆలోచించాల్సిందే.

పొన్నెకల్లు కుర్రవాడు

మా పటమట నుంచి కృష్ణ దాటి గుంటూరు జిల్లాలోకి అడుగుపెట్టి, తాడికొండ వైపు వెళితే పొన్నెకల్లు వస్తుంది. నాజర్ అక్కడ 1920 ఫిబ్రవరి 5న నిరుపేద ఇంట పుట్టారు. తల్లి బీబాబీ, తండ్రి మస్తాన్. ఇంట్లో మాట్లాడే భాష తెలుగు. ఇంట్లో ఉన్న ఆస్తి ఆ కుర్రవాడి గొంతు.

ఆ గొంతును ముందు గుర్తించినవాడు ఖాదర్ అనే హార్మోనిస్టు. పిల్లవాణ్ణి వెంటబెట్టుకెళ్లి బాలల నాటక సమాజంలో చేర్చాడు. పౌరాణిక నాటకాల్లో ద్రోణుడి వంటి పాత్రలు వేస్తూ నాజర్ పద్యం పలకడం నేర్చారు. తర్వాత నరసరావుపేటలో మురుగుళ్ల సీతారామయ్య వద్ద సంగీతం అభ్యసించారు. ముస్లిం ఇంటి పిల్లవాడికి ఒక హిందూ గురువు సంగీతం నేర్పడం, ఆ శిష్యుడు జీవితాంతం ఆ విద్యతోనే బ్రతకడం మన పల్లెల్లో ఒకనాడు వింతగా తోచని సంగతి. ప్రకాశం జిల్లా కరవది నుంచి వచ్చిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా కూడా ఆ కోవలోని వారే.

అయితే విద్య వేరు, పొయ్యిలో నిప్పు వేరు. ఇల్లు గడవడానికి నాజర్ కుట్టుపని చేశారు. పగలు కత్తెర, సూది, దారం. సందు దొరికితే పాట. ఈ దర్జీపనిని ఆయన జీవితంలో చిన్న సంగతిగా చూసేవారు ఉంటారు. మాకు అలా అనిపించదు. ఒళ్లు చూసి కొలత తీసుకోవడం, ఉన్న గుడ్డలో సర్దుకోవడం, అతుకు కనపడకుండా కుట్టడం వచ్చిన మనిషి కథను కూడా వినేవాళ్ల కొలతకు తగ్గట్టు కత్తిరించగలిగాడంటే ఆశ్చర్యమేముంది?

ముగ్గురి కథ, మూడువేలమంది శ్రోతలు

1943వ సంవత్సరం. రెండవ ప్రపంచయుద్ధం నడుస్తోంది. బెంగాల్‌లో కరువు లక్షలాదిమందిని పొట్టనబెట్టుకుంటోంది. ఆ ఏడే బొంబాయిలో ‘ఇప్టా’ అనే ప్రజా కళాకారుల సంస్థ పుట్టింది. మన ప్రాంతంలో అదే ప్రజానాట్యమండలిగా రూపుదిద్దుకుంది. విజయవాడ దాని కార్యక్రమాలకు ముఖ్య కేంద్రం. డాక్టర్ గరికపాటి రాజారావు దాని సారథి. మా పటమట నుంచి బందరు రోడ్డున పోతే తగిలే ఈడుపుగల్లుకు చెందిన సుంకర సత్యనారాయణ ‘కష్టజీవి’ వంటి బుర్రకథలు రాసి ఇచ్చారు. కృష్ణా, గుంటూరు పల్లెల్లో కళ్లాలే రంగస్థలాలయ్యాయి.

జంగాలు తంబుర మీటుతూ వీరగాథలు చెప్పే జంగంకథకు కొత్త రూపమే బుర్రకథ. ముగ్గురే మనుషులు. నడుమ కథకుడు; భుజాన తంబుర, బొటనవేలికి అందెలు. ఇటూ అటూ గుమ్మెటలు పట్టుకున్న వంతలు. ఒక వంతది హాస్యం, మరొక వంతది రాజకీయం. కథకుడు పాడుతుంటే హాస్యగాడు అమాయకంగా ప్రశ్న వేస్తాడు. రాజకీయపు వంత ఆ పాత కథను నేటి ధరలకూ, నేటి దొరలకూ ముడిపెడతాడు. తెరలు లేవు, వేషాల ఖర్చు లేదు. పెట్రోమాక్సు దీపం వెలుతురు చాలు. చదువురాని శ్రోతకు కూడా లోకం సంగతులు తెల్లవారేలోగా తెలిసిపోయేవి.

నాజర్ ఈ రంగంలోకి వచ్చి దాని తీరునే మార్చేశారని పెద్దలు చెబుతారు. నేర్చిన శాస్త్రీయ సంగీతాన్ని జానపద వరుసల్లోకి ఒదిగించారు. నాటకాల్లో అలవడిన అభినయాన్ని కథకుడి అడుగులోకి తెచ్చారు. వీరరసంలో శివాలెత్తిన మనిషే మరుక్షణం బిడ్డను కోల్పోయిన తల్లి అయ్యేవాడు. బెంగాల్ కరువు కథ విని తమకే గింజలు చాలని కూలీలు సాయం అందించేవారంటే ఆ గొంతు మహిమే.

పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు ఆయనకు పేరు తెచ్చిన కథలు. పల్నాటి కథలో బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందరినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి ‘చాపకూడు’ పెట్టించాడు. మాల కన్నమదాసును సేనానిని చేశాడు. మస్జిద్‌లో యజమానీ, పనివాడూ భుజం భుజం కలిపి ఒకే వరుసలో నిలబడడం చిన్ననాటి నుంచి చూసిన నాజర్‌కు ఆ కథ పరాయిది ఎలా అవుతుంది? తెలుగువారి వీరగాథను తెలుగువారికే ఒక దూదేకుల బిడ్డ చెప్పాడు. ఊళ్లకు ఊళ్లు కూర్చుని విన్నాయి.

నిర్బంధం, సినిమా, సన్మానం

1948లో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం వచ్చింది. దాంతో ప్రజానాట్యమండలి దళాలు చెదిరిపోయాయి. కళాకారులు అనేకులు మద్రాసు బాట పట్టారు. రాజారావు 1953లో ‘పుట్టిల్లు’ చిత్రం తీశారు. జమున తొలిసారి తెరమీద కనిపించిన ఆ చిత్రంలో నాజర్ బుర్రకథ ఉంది. మరుసటి ఏడాది వచ్చిన ‘అగ్గిరాముడు’లో ఆయన దళం చెప్పిన అల్లూరి కథ ఆంధ్రదేశమంతా మారుమోగింది. సినిమా చూసినవారికి ఇప్పటికీ ఆ ఘట్టమే ముందు జ్ఞాపకం వస్తుంది.

కానీ సినిమా ఆయనను కట్టిపడేయలేదు. ఆయన మళ్లీ పల్లెల్లోకే వచ్చారు. కథ చెప్పడమే కాకుండా శిష్యులను తయారుచేశారు. భారత ప్రభుత్వం 1986లో పద్మశ్రీతో గౌరవించింది. పొన్నెకల్లు పేదింటి కుర్రవాడి పేరు ఢిల్లీ దాకా వెళ్లింది.

ఆయన ముసలితనం వచ్చేసరికి కాలం మారింది. ఇంటింటా టీవీ వచ్చింది. రాత్రంతా మేలుకుని కథ వినే ఓపిక ఊళ్లకు సన్నగిల్లింది. అటు మరపట్టిన దూది వచ్చి విల్లు మూలపడింది. ఆ వెనుకే నురుగు పరుపు వచ్చింది. రెడీమేడ్ చొక్కాల ముందు వీధి దర్జీకి పండుగ రోజుల్లోనే పని. అంటే ఆయన జీవితాన్ని అల్లుకున్న మూడు పనులూ ఒకే కాలంలో వెనుకపట్టు పట్టాయి. 1997 ఫిబ్రవరి 22న, 77 ఏళ్ల వయసులో నాజర్ కన్నుమూశారు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

మనవాళ్లే చిన్నచూపు చూస్తే?

ఇంతవరకు ఇతరులు పెట్టిన తిట్టు గురించి చెప్పుకున్నాం. ఇప్పుడు మన ఇంటి సంగతి కూడా చెప్పుకోకపోతే న్యాయం కాదు. ‘వాళ్లకు ఉర్దూ రాదు’, ‘వాళ్లు దూదేకులవాళ్లు, మనవాళ్లు కాదు’ అనే మాటలు మన ఇళ్లలోనే వినిపిస్తుంటాయి. పెళ్లి సంబంధం దగ్గర ఆ మాట ఇంకా గట్టిగా వినిపిస్తుంది. నమాజుకు ఒకే వరుసలో నిలబడ్డవారు నిఖా దగ్గరకు వచ్చేసరికి రెండు వరుసలైపోతారు. బయటివాడి తిట్టు చెవికి తగులుతుంది. అయినవాడి చిన్నచూపు గుండెకు తగులుతుంది.

సూరె అల్‌హుజురాత్ 11వ ఆయత్ ఒకరినొకరు ఎగతాళి చేయవద్దనీ, కించపరిచే పేర్లతో పిలుచుకోవద్దనీ స్పష్టంగా ఆదేశిస్తోంది. మనిషి తినే అన్నింటిలోకీ తన చేతికష్టంతో సంపాదించుకున్న తిండే మేలైనదనీ, హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) కూడా చేతిపని చేసుకునే తినేవారనీ బుఖారీ హదీసు తెలియజేస్తోంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుంటే దూదేకులవాడిని తక్కువ చేయడానికి మనకు ఏ ఆధారమూ మిగలదు.

2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ వర్గాల పేర్లను తిట్లుగా వాడరాదని ఉత్తర్వు ఇచ్చింది. మంచిదే. కానీ ఉత్తర్వు నోటిని ఆపగలదు గాని మనసును మార్చలేదు. మనసు మారాలంటే ఆ పేరు వినగానే మరో జ్ఞాపకం రావాలి. తంబుర భుజాన వేసుకుని, అందెలు మోగిస్తూ, వేలమంది నడుమ పల్నాటి కథ చెప్పే ఒక మనిషి జ్ఞాపకం రావాలి.

మనం చేయగలిగినవి

పాఠక కుటుంబాలకు మూడు మనవులు. మీ ఇంట్లో దూది ఏకిన తాతగానీ, బట్టలు కుట్టిన నానమ్మగానీ ఇంకా ఉంటే పిల్లలను దగ్గర కూర్చోబెట్టి ఆ పని ఎలా చేసేవారో చెప్పించండి. అటకమీద పాత విల్లు ఉంటే వంటచెరుకు చేయకండి. పిల్లల ముందు ఏ పనివాడి పేరునూ తిట్టుగా పలకకండి. మనం పలికితే వాళ్లూ పలుకుతారు. సంబంధాలు చూసేటప్పుడు కుర్రవాడి నడవడినీ, దీన్‌నూ అడగండి. తాత ఏ పని చేశాడన్నది అడిగినా, తలెత్తి చెప్పుకునే జవాబు వస్తుందని గుర్తుంచుకోండి.

తెలుగులో మాట్లాడే ముస్లిం సగం ముస్లిమూ కాదు, సగం తెలుగువాడూ కాదు. రెండూ నిండుగా ఉండవచ్చని నాజర్ తన గొంతుతో రుజువు చేసి వెళ్లారు. ఆయనను చూసినవారు తగ్గిపోతున్నారు. ఆయన పేరు మన పిల్లలకు అందించడం ఇక మన పని. అల్లాహ్ ఆయనను కరుణించుగాక, చేతికష్టంతో బ్రతికే వారందరి సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక.