తగ్గిన బరువు తిరిగొస్తే...

మన తెలుగువాళ్ళ పార్టీల్లో ఒక రివాజు ఉంది. ఎవరైనా నాలుగు కిలోలు తగ్గితే "ఏంటలా చిక్కిపోయారు, ఒంట్లో బాగుండట్లేదా?" అని అడుగుతాం. అదే నాలుగు కిలోలు పెరిగితే నోటితో అడగం, కళ్ళతోనే చెప్పేస్తాం. బ్లాంచర్డ్స్‌టౌన్, మల్‌హడర్ట్, ఓంగార్, క్లోనీ... ఈ చుట్టుపక్కల మన కుటుంబాలు ఇన్ని ఉన్నాయి కదా, ఆ చూపుల్ని తప్పించుకోవడం కష్టమే. అందుకేనేమో, బరువు తగ్గడానికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు ఆ సంగతి బయటికి రానివ్వరు. ఏడెనిమిదేళ్ళ తరువాత ఆ బరువు మళ్ళీ వచ్చిందంటే ఇంక డాక్టరుకి కూడా చెప్పరు.

నాకు బాగా తెలిసిన ఒక వదిన ఉన్నారు. పేరు రాయొద్దన్నారు, రాయను. 2014లో హైదరాబాద్ వెళ్ళి స్లీవ్ సర్జరీ చేయించుకున్నారు. జీర్ణాశయంలో సుమారు 80 శాతం తీసేసి, మిగిలినదాన్ని అరటికాయలాంటి గొట్టంగా మిగిల్చే ఆపరేషన్ అది. 112 కిలోల మనిషి ఏడాదిన్నరలో 76కి వచ్చారు. షుగరు మాత్రలు ఆగిపోయాయి, మెట్లెక్కితే ఆయాసం పోయింది. ఆ తరువాత ఏడాదికి రెండు, మూడు కిలోల చొప్పున, ఎవరూ పెద్దగా గమనించనంత నెమ్మదిగా, 2022 కల్లా 99 అయ్యారు. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ సంగతి మీద డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. "ఏ ముఖం పెట్టుకుని వెళ్ళమంటావు? లక్షలు పోసి పొట్ట కోయించుకుని, అది కూడా నిలబెట్టుకోలేకపోయావా అంటారు కదా" అన్నారు నాతో.

ఆ మాట తప్పని చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా ఒక చిన్న వివరణ. ఆపరేషన్ అనగానే మనలో చాలామందికి నటి ఆర్తి అగర్వాల్ గుర్తొస్తారు. 2015 జూన్‌లో అమెరికాలో ఆవిడ చనిపోవడానికి కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నారని పత్రికలు రాశాయి. లైపోసక్షన్ అంటే చర్మం కింద కొవ్వుని లాగేయడం. మనం మాట్లాడుకుంటున్న బేరియాట్రిక్ సర్జరీ వేరు, అది జీర్ణాశయం మీద, పేగుల మీద చేసేది. నితిన్ గడ్కరీ 2011లో, అరుణ్ జైట్లీ 2014లో చేయించుకున్నది ఇదే.

ఇక అసలు విషయం. స్వీడన్‌లో 1987లో మొదలైన ఒక పెద్ద అధ్యయనంలో ఆపరేషన్ చేయించుకున్న 2,010 మందిని, చేయించుకోని 2,037 మందిని ఏళ్ళ తరబడి గమనించారు. గ్యాస్ట్రిక్ బైపాస్ అయినవాళ్ళు మొదటి ఒకటి, రెండేళ్ళలో సగటున 32 శాతం తగ్గారు. పదేళ్ళకి చూస్తే ఆ తగ్గుదల 25 శాతం దగ్గర ఉంది. అంటే 120 కిలోల మనిషి 82 దాకా దిగి, మళ్ళీ 90కి చేరినట్టన్నమాట. పొట్టకి బ్యాండ్ వేయించుకున్నవాళ్ళకి 20 శాతం కాస్తా 14 అయింది. గమనించారా? ఇవి సగటు లెక్కలు. కొంత బరువు తిరిగి రావడం అందరికీ జరిగేదే తప్ప ఎవరో ఒక్కరు చేసిన నేరం కాదు. అయినా సరే, ఆపరేషన్ అయినవాళ్ళలో మరణాలు తక్కువని వాళ్ళే 2007లో ప్రకటించారు. పోయినదంతా తిరిగి రాలేదు, వచ్చిన లాభమంతా పోనూ లేదు.

ఎందుకిలా? నేను కంప్యూటర్లవాణ్ణి, డాక్టర్ని కాదు గనక నాకర్థమైన భాషలో చెప్తాను. మన ఇంట్లో హీటింగ్‌కి థర్మోస్టాట్ ఉంటుంది కదా. 21 డిగ్రీలకి పెట్టి కిటికీ తెరిస్తే గది చల్లబడుతుంది, కానీ బాయిలర్ ఊరుకోదు, మళ్ళీ 21కి తెచ్చేదాకా మండుతూనే ఉంటుంది. ఒంట్లోనూ అలాంటి ఏర్పాటే ఉంది. బరువు తగ్గగానే ఆకలి పెంచే హార్మోన్లు పెరుగుతాయి, ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తి తగ్గుతుంది. అమెరికాలో టీవీ పోటీలో విపరీతంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తరువాత పరీక్షిస్తే, వాళ్ళ శరీరాలు ఉండాల్సినదానికన్నా రోజుకి సుమారు 500 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తున్నాయని 2016లో తేలింది. వాళ్ళవి ఆపరేషన్లు కావు, కడుపు మాడ్చుకుని తగ్గినవి. ఆపరేషన్ గొప్పతనం ఏమిటంటే, అది ఆ థర్మోస్టాట్‌నే కొంత కిందికి తిప్పుతుంది. కానీ కొందరిలో ఏళ్ళు గడిచేకొద్దీ అది మళ్ళీ పైకి జరుగుతుంది. దానికి తోడు మెనోపాజ్, థైరాయిడ్, స్టెరాయిడ్లు, డిప్రెషన్‌కి వాడే కొన్ని మందులు, నైట్ షిఫ్టులు... కారణాలు మనిషిమనిషికీ వేరు.

మన తిండి సంగతి కూడా చెప్పుకోవాలి. ఇది ఇక్కడి డైటీషియన్లకి మనమే విడమరిచి చెప్పుకోవలసిన విషయం. చిన్నదైన పొట్టలో గట్టి పదార్థం నిలుస్తుంది, మెత్తటిది చల్లగా జారిపోతుంది. మన భోజనమేమో మెత్తదనానికి పెట్టింది పేరు! పప్పుచారు పోసి పిసికిన అన్నం, పెరుగన్నం, ఉప్మా... రెండు ముక్కల చికెన్ తింటే నిండిపోయే పొట్టలోకి ఇవి గిన్నెలకి గిన్నెలు వెళ్ళిపోతాయి. జంతికలు నోట్లో ఉన్నంతసేపే కరకర, లోపలికి వెళ్ళేసరికి అవీ పిండే.

వదిన ఒక వారం పాటు తిన్నవన్నీ ఎక్సెల్ షీట్‌లో రాశారు. (సలహా నాదే, మా వృత్తిలో ఏ సమస్య వచ్చినా ముందు లాగ్ చూస్తాం!) భోజనాలు నిజంగానే తక్కువ. సాయంత్రం నాలుగు నుంచి పది దాకా మాత్రం మూడు చాయ్‌లు, బిస్కట్లు, మిక్స్చర్, పిల్లలు వదిలేసిన పాస్తా. ఆకలి వేసి తిన్నవి కొన్ని, పారేయడం ఇష్టంలేక తిన్నవి కొన్ని. డైటీషియన్ ఏదీ మానమనలేదు, వరస మార్చమన్నారు. ముందు గుడ్డో, చేపో, చికెనో, పనీరో, తరువాత కూర, ఆఖరికి అన్నం. తింటూ నీళ్ళు తాగొద్దు, తరువాత అరగంట ఆగాలి. పెసరట్టు హాయిగా తినొచ్చట, ఉప్మా లేకుండా. ఉప్మా లేని పెసరట్టు కూడా ఒక పెసరట్టేనా అని మా అన్నయ్య ఇప్పటికీ గొణుగుతూంటాడు.

ఇంతకీ ఐర్లాండులో ఎక్కడికి వెళ్ళాలి? మొదటి మెట్టు మన జీపీనే. ఆపరేషన్ ఇండియాలో అయినా ఫరవాలేదు, డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్ నోట్స్ పట్టుకెళ్ళండి. వాడుతున్న మందులన్నీ చూపించండి. ఐరన్, బి12, ఫోలేట్, విటమిన్ డి, థైరాయిడ్, షుగరు పరీక్షలు అడగండి. బరువు పెరిగినవాళ్ళకి విటమిన్ల లోపం ఏముంటుందిలే అనుకోవద్దు. వదిన మూడో ఏట విటమిన్ మాత్రలు మానేశారు, అవి జీవితాంతం వేసుకోవలసినవి. రక్తపరీక్షలో బి12, ఐరన్ రెండూ అడుగంటాయి. విటమిన్ డి సంగతి సరేసరి, 53 డిగ్రీల ఉత్తరాన చలికాలపు ఎండ మన చర్మానికి ఏం సరిపోతుంది! ఆవిడ నీరసానికి బరువొక్కటే కారణం కాదని అప్పుడు తెలిసింది.

అవసరమైతే ఎండోస్కోపీతోనో, బేరియం ఎక్స్‌రేతోనో పొట్ట సాగిందేమో చూస్తారు. ప్రభుత్వ వైద్యంలో లాఫ్లిన్స్‌టౌన్‌లోని సెయింట్ కొలమ్‌కిల్స్, డబ్లిన్ సెయింట్ విన్సెంట్స్, గాల్వే యూనివర్సిటీ ఆసుపత్రి ఈ పనికి తెలిసిన చోట్లు. మన బ్లాంచర్డ్స్‌టౌన్ నుంచి లాఫ్లిన్స్‌టౌన్ అంటే ఎమ్ 50 మీద దాదాపు ఆ చివరికి, ఎక్కగానే టోల్‌తో సహా. క్యూ పెద్దదే, కనక పేరు ముందే రాయించుకోవడం మంచిది. రెండో ఆపరేషన్ కూడా ఒక దారి, స్లీవ్‌ని బైపాస్‌గా మార్చేవాళ్ళున్నారు. మొదటిదానికన్నా చిక్కు ఎక్కువ, అందరికీ పనికిరాదు.

కొత్తగా వచ్చిన దారి మందులు. పిల్లలూ, ఈ ముక్క మీకోసం. అమెరికా ఎడారుల్లో గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి ఉంది. దాని విషంలో, మన పేగుల్లో తయారయ్యే జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌ని పోలిన పదార్థాన్ని 1992లో జాన్ ఎంగ్ అనే డాక్టరు కనిపెట్టారు. దాన్నుంచి పుట్టిన షుగరు మందుకి 2005లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఈనాటి సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లకి అది పెద్దన్నలాంటిది. టిర్జెపటైడ్ ముడిపదార్థం తయారయ్యే చోట్లలో మన కౌంటీ కార్క్‌లోని కిన్‌సేల్ ఒకటి!

ఆపరేషన్ తరువాత ఇవి పనిచేస్తాయా? లండన్‌లో, ఆపరేషన్ అయినా సరిగా తగ్గని 70 మంది మీద లిరాగ్లుటైడ్ ప్రయత్నించారు. 24 వారాల్లో మందు తీసుకున్నవాళ్ళు సుమారు 9 శాతం తగ్గారు, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళు ఒక శాతం కూడా తగ్గలేదు. ఈ ఫలితాలు 2023లో వచ్చాయి. అలాగని ఆన్‌లైన్‌లో కొని పొడిచేసుకోకండి. చిన్న పొట్టవాళ్ళకి వాంతులు పట్టుకుంటే ఒంట్లో బి1 పడిపోయి నరాలకి ప్రమాదం. తగ్గేది కొవ్వే కాదు, కండ కూడా. కాలువ గట్టున నడక మంచిదే గానీ కండ నిలవాలంటే బరువులు ఎత్తాలి. వదిన వారానికి రెండుసార్లు జిమ్‌కి వెళ్తున్నారు. మొదట్లో సిగ్గుపడ్డారు, ఇప్పుడు డంబెల్స్ గురించి నాకు పాఠాలు చెప్తున్నారు.

99 నుంచి ఇప్పుడు 85 దగ్గర ఉన్నారు. 76కి మళ్ళీ వెళ్ళాలని డాక్టరూ అనలేదు, ఆవిడా అనుకోవడం లేదు. షుగరు అదుపులో ఉంది. సెమాగ్లుటైడ్ ఆపేసినవాళ్ళకి ఏడాదిలో, తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చిందని 2022లో ఒక అధ్యయనం చెప్పింది. కాబట్టి మందు ఎన్నాళ్ళు, నెలనెలా ఆ ఖర్చు ఎలా అన్నది ఇంట్లో ఇంకా తేలని లెక్క. ఈసారి అపాయింట్‌మెంట్‌కి అన్నయ్య కూడా వెళ్తున్నాడు, ఆ లెక్క డాక్టరు ముందే తేల్చుకుందామని.