పాఠం ఎక్కడ మొదలవ్వాలి?

ఒక బ్యాటరీ, ఒక చిన్న బల్బు, ఒక తీగ. వీటితో బల్బు వెలిగించగలరా? 1997 నాటి ‘మైండ్స్ ఆఫ్ అవర్ ఓన్’ అనే అమెరికా డాక్యుమెంటరీలో, అప్పుడే పట్టాలందుకున్న ఎంఐటీ విద్యార్థులను ఈ ప్రశ్న అడిగారు. కొందరు తడబడ్డారు. విద్యుత్తు పాఠాలన్నీ దాటి వచ్చినవారే!

విన్నది అర్థంగా మారకపోతే లోపం పాఠం ప్రణాళికలోనూ ఉండవచ్చు. అందుకే బోధనా రూపకల్పనకు కొన్ని నమూనాలు పుట్టాయి. అవి వేసే మొదటి ప్రశ్నలోనే తేడా ఉంది.

‘అడ్డీ’ నమూనాకు మూలం 1970లలో అమెరికా సైన్యం శిక్షణ కోసం ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో రూపొందిన పద్ధతి. విశ్లేషణ, రూపకల్పన, తయారీ, అమలు, మూల్యాంకనం దీని మెట్లు. నేర్చుకునేది ఎవరు, వారికి ఇప్పటికే ఏం తెలుసు అన్నది తొలి ప్రశ్న. బల్బుకు ఒక్క తీగ తగిలిస్తే చాలని చాలామంది పిల్లలు అనుకుంటారు. ఆ సంగతి ముందే తెలిస్తే పాఠం తీరే మారిపోతుంది. అయితే మెట్లను వరుసగా మాత్రమే ఎక్కితే, తప్పు చివర్లో గానీ బయటపడదు.

గ్రాంట్ విగ్గిన్స్, జే మెక్‌టై 1998లో తమ పుస్తకం ద్వారా ప్రచారంలోకి తెచ్చిన ‘వెనుక నుంచి ముందుకు’ పద్ధతి గమ్యంతో మొదలవుతుంది. పిల్లలకు ఏం అర్థం కావాలి? అర్థమైందనడానికి రుజువేమిటి? ఈ రెండూ తేలాకే పాఠం. నిర్వచనం అప్పజెప్పడం రుజువు కాదు. వెలగని బల్బు ఎందుకు వెలగలేదో కనిపెట్టడం రుజువు.

1980ల చివర్లో అమెరికాలోని బీఎస్‌సీఎస్ సంస్థ రూపొందించిన ‘5ఈ’ తరగతి గది వరుసను మారుస్తుంది. ఆసక్తి రేపడం, అన్వేషణ, వివరణ, విస్తరణ, మూల్యాంకనం. టీచర్ వివరణది ఇక్కడ మూడో స్థానం. పిల్లలు ముందు తీగను రకరకాలుగా తగిలించి చూస్తారు. ‘విద్యుత్ వలయం’ అన్న మాట ఆ తర్వాతే వింటారు. దీనికి సమయం, సామగ్రి ఎక్కువే కావాలి.

ఈ మూడింటికీ పోటీ లేదు. కోర్సు మొత్తానికి అడ్డీ, ఒక అధ్యాయానికి రెండోది, రోజువారీ తరగతికి 5ఈ బాగా నప్పుతాయి.

అయితే పరీక్ష మారకపోతే ఏ నమూనా అయినా కాగితం మీదే మిగులుతుంది. 1972లో మధ్యప్రదేశ్‌లోని 16 పాఠశాలల్లో మొదలైన హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం ఈ కీలకాన్ని పట్టుకుంది. అక్కడ పిల్లలు ప్రయోగాలు చేస్తూ నేర్చుకున్నారు. పరీక్షలో పుస్తకం తెరిచి చూసుకోవచ్చు. ప్రయోగం చేసి చూపే పరీక్ష కూడా ఉండేది. బట్టీకి అక్కడ పెద్దగా పని లేదు.

వచ్చే వారం పాఠానికి సిద్ధమయ్యే టీచర్ ముందుగా రాసుకోవలసింది బోర్డు మీద రాసే నిర్వచనం కాదు, పాఠం చివర పిల్లలకు వేసే ప్రశ్న.