పంట కాపలాకు తుపాకీ: ఒక్క లైసెన్సు చాలదు

మొక్కజొన్న పాలు పట్టే వేళకి అడవి పందుల మంద దిగిందంటే తెల్లారేసరికి చేను నేలమట్టమే. ఇక లాభం లేదు, ఓ తుపాకీ కొనేద్దామని చాలామంది రైతులు అనుకుంటున్నారు. పిస్తోలో, రివాల్వరో అయితే ఇంటికీ చేనుకీ రెంటికీ పనికొస్తుందని కొందరి ఆశ. చేలో పంది మీద పిస్తోలు దండగ. 1959 నాటి ఆయుధాల చట్టం పంట రక్షణకని చెప్పింది మూతి నుంచి మందు కూరే తుపాకీ. ఆత్మరక్షణకైతే 20 అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టం తుపాకీ.

ముందు లైసెన్సు, తర్వాతే కొనుగోలు. 21 ఏళ్లు నిండినవారు కలెక్టరుకి, కమిషనరేటు వున్నచోట పోలీసు కమిషనరుకి దరఖాస్తు పెట్టాలి. పోలీసు విచారణ వుంటుంది. డాక్టరు సర్టిఫికెట్టు, తుపాకీ వాడకంలో శిక్షణ పొందినట్టు పత్రం కావాలి. లైసెన్సు లేని నాటు తుపాకీ చవగ్గా దొరుకుతుందని ఆశపడితే 2 నుంచి 5 ఏళ్ల జైలు.

అసలు చిక్కు ఇక్కడుంది. తుపాకీ లైసెన్సు చేతికొచ్చినంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి అడవి పందిని రెండో షెడ్యూలులో చేర్చారు. పంట పాడుచేస్తున్నా సరే, అటవీశాఖ అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా కాలిస్తే కేసే. కాబట్టి పంట నష్టం జరిగినప్పుడల్లా ఫారెస్టు ఆఫీసులో అర్జీ ఇచ్చి నకలు దాచుకోండి.

ఇంట్లో తుపాకీని మందు తీసేసి, పిల్లలకు అందకుండా తాళం వేసి వుంచాలి. చేను చుట్టూ కరెంటు తీగ మాత్రం లాగొద్దు. రాత్రిపూట నీళ్లు కట్టడానికి పక్క చేను రైతు నడిచేది ఆ గట్టు మీదే.