స్వరానికి రూపమిచ్చే కెపాసిటర్



పరీక్షలు దగ్గర పడగానే చాలా ఇళ్లలో మ్యూజిక్ కీబోర్డ్ అటకెక్కుతుంది. ‘ముందు ఫిజిక్స్ చూడు, పాటలు తర్వాత’ అంటాం. అయితే ఫిజిక్స్‌లోని ఒక ముఖ్యమైన పాఠం ఆ వాయిద్యంలోనే వినిపిస్తుంది. ఈ నెల దాని గురించి తెలుసుకుందాం.

వీణ తీగ మీటితే నాదం చటుక్కున లేచి, మెల్లమెల్లగా సన్నగిల్లుతుంది. నాదస్వరం ఊపిరి ఉన్నంతసేపూ నిలకడగా పలుకుతుంది. ఒకే స్వరం పలికించినా రెండింటినీ కళ్లు మూసుకుని గుర్తుపడతాం. అందుకు ఒక ముఖ్య కారణం, శబ్దం పెరిగి తరిగే తీరు. దీన్నే ‘ఎన్వలప్’ అంటారు.

1964లో అమెరికాలో రాబర్ట్ మూగ్ అనే ఇంజినీరు, హెర్బర్ట్ డాయిచ్ అనే స్వరకర్తతో కలిసి సింథసైజర్‌కు రూపకల్పన చేశారు. సర్క్యూట్ పుట్టించే స్వరం దానంతటది ఆగదు, ఒకే స్థాయిలో మోగుతూనే ఉంటుంది. దాన్ని మొదలుపెట్టి ముగించడానికి వాళ్లు మొదట ఓ డోర్‌బెల్ బటన్ వాడి చూశారు. మరుసటి ఏడాది వ్లాదిమిర్ ఉసాచెవ్‌స్కీ అనే మరో స్వరకర్త ఎన్వలప్‌ను నాలుగు దశలుగా కోరారు. అవే నేటికీ వాడుకలో ఉన్న అటాక్ (లేవడం), డికే (కొంత తగ్గడం), సస్టెయిన్ (నిలవడం), రిలీజ్ (మీట వదిలాక ఆరిపోవడం).

ఈ పని చేసేది ముఖ్యంగా కెపాసిటర్, రెసిస్టర్ జంట. పెద్ద ట్యాంకు అడుగు నుంచి సన్నని పైపుతో ఖాళీ డ్రమ్మును కలిపారనుకోండి. మొదట్లో నీరు వేగంగా వస్తుంది. రెండు మట్టాలూ దగ్గరయ్యేకొద్దీ వేగం తగ్గిపోతుంది. డ్రమ్ము కెపాసిటర్ అయితే పైపు రెసిస్టర్. 1 లక్ష ఓమ్‌ల రెసిస్టర్‌తో 1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను కలిపితే, 0.1 సెకనులో చార్జింగ్ సుమారు 63 శాతానికి చేరుతుంది. నాబ్ తిప్పి రెసిస్టెన్స్ పెంచితే ఆ సమయమూ పెరుగుతుంది. ఈ వోల్టేజే యాంప్లిఫయర్‌ను నడిపి శబ్దాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. చివర్లో చార్జింగ్ నత్తనడక నడుస్తుంది కాబట్టి శబ్దం శిఖరానికి చేరడం సాగుతూ పోతుంది. అందుకే చాలా సర్క్యూట్లలో కెపాసిటర్‌ను 15 వోల్టుల వైపు నడిపించి, 10 వోల్టులు రాగానే ఆపేయడం లాంటి ఉపాయం వాడతారు. వంపులో నిటారుగా ఉన్న మొదటి భాగమే మిగులుతుంది. అటాక్ చురుగ్గా వినిపిస్తుంది.

తగ్గేటప్పుడు మాత్రం ఆ వంపే మేలు చేస్తుంది. మన చెవి శబ్దాన్ని నిష్పత్తుల్లో గ్రహిస్తుంది. వోల్టేజ్ సరళరేఖలో తగ్గితే శబ్దం చాలాసేపు నిలిచి, చివర్లో తెగిపోయినట్టు ఉంటుంది. కెపాసిటర్ డిశ్చార్జ్‌లో సమాన వ్యవధుల్లో సమాన శాతం తగ్గుతుంది. వీణ తీగ నాదం కూడా దాదాపు ఇలాగే ఆరుతుంది. అందుకే అది సహజంగా తోస్తుంది.

ఇది ఇంట్లోనే చూడవచ్చు. 9 వోల్టుల బ్యాటరీ, 10 వేల ఓమ్‌ల రెసిస్టర్, 25 వోల్టులు తట్టుకునే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను వరుసగా కలపండి. కెపాసిటర్ మైనస్ కాలు బ్యాటరీ మైనస్ వైపే ఉండాలి. కెపాసిటర్ రెండు కాళ్ల మధ్య మల్టీమీటర్ పెట్టి, ప్రతి 10 సెకన్లకూ వోల్టేజ్ రాయించండి. సుమారు 5.7, 7.8, 8.6 వోల్టులు వస్తాయి. విడిభాగాలను బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది.

ఆ అంకెలతో మీ అబ్బాయితోనో అమ్మాయితోనో గ్రాఫ్ గీయించండి. సూత్రం అప్పజెప్పమని అడగకండి. ‘మొదట అంత వేగంగా పెరిగింది చివర్లో ఎందుకు నెమ్మదించింది?’ అని అడగండి. మీ కీబోర్డ్‌లో అటాక్, రిలీజ్ సెట్టింగులుంటే మార్చి వినిపించమనండి. జేఈఈ అడ్వాన్స్‌డ్ సిలబస్‌లో ఆర్‌సీ సర్క్యూట్లు ఉన్నాయి. గ్రాఫ్‌ను ఒకసారి చెవితో విన్న విద్యార్థికి అక్కడి వంపు కొత్తగా అనిపించదు. కాబట్టి కీబోర్డ్‌ను అటకెక్కించే ముందు ఒక్క ఆదివారం దీనికి కేటాయించండి.