పైలట్ కావాలనుకుంది... ఎయిర్‌హోస్టెస్ అయింది!

ఎయిర్‌హోస్టెస్ అనగానే చేతిలో ట్రే, పెదాలమీద చిరునవ్వు, నలగని చీర... ఇవే గుర్తొస్తాయి. కానీ ప్రపంచంలో మొట్టమొదటి ఎయిర్‌హోస్టెస్ సీట్ల నట్లు బిగించింది. సామాన్లు మోసింది. అవసరమైతే విమానాన్ని షెడ్డులోకి నెట్టడానికీ చెయ్యి వేసింది. ఆమె పేరు ఎలెన్ చర్చ్. ఆమెకి ఉద్యోగమిచ్చింది బోయింగ్ వారి విమాన సర్వీసు.

అమెరికాలోని సియాటిల్‌లో 1916లో విలియం బోయింగ్ మొదలుపెట్టిన కంపెనీ ఇది. అప్పట్లో విమానం రెక్కలంటే చెక్క చట్రం, దానిమీద బిగించి కుట్టిన బట్ట. ఆ బట్ట కుట్టింది ఆడవాళ్లే! అంటే బోయింగ్ విమానాల్లో మొదటినుంచీ స్త్రీల చేతిపని ఉందన్నమాట. లోపల అడుగుపెట్టి ఉద్యోగం చెయ్యడానికి మాత్రం 1930 దాకా ఆగాల్సి వచ్చింది.

భయం పోగొట్టే నర్సమ్మ

ఎలెన్ నర్సు. విమానం నడపడం కూడా నేర్చుకుంది. పైలట్ ఉద్యోగం కావాలని శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఆఫీసుకెళితే, ఆడవాళ్లకి ఇవ్వమన్నారు. ఆమె నిరుత్సాహపడి ఊరుకోలేదు. "విమానమెక్కాలంటే జనం భయపడుతున్నారు కదా, లోపల ఒక నర్సుంటే ధైర్యంగా ఉండదా?" అన్న ఆలోచన వాళ్లముందు పెట్టింది. అక్కడి మేనేజరు స్టీవ్ స్టింప్సన్‌కి అది నచ్చింది. పైవాళ్లు మూణ్ణెల్లు చూద్దామన్నారు. ఎలెన్‌తో కలిపి ఎనిమిదిమంది నర్సులని తీసుకున్నారు.

1930 మే 15న ఎలెన్ మొదటి ప్రయాణం చేసింది. షికాగో చేరడానికి దారిలో 13 చోట్ల ఆగుతూ 20 గంటలు! జీతం నెలకి 125 డాలర్లు. మూణ్ణెల్ల ముచ్చట అనుకున్నది కాస్తా ప్రపంచమంతా పాకింది.

పెళ్లయితే ఇంటికే!

అయితే ఆ ఉద్యోగానికి పెట్టిన షరతులు చూడండి. వయసు 25 దాటకూడదు. ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, బరువు 115 పౌన్లు మించకూడదు. పెళ్లి కాకూడదు. విమానం చిన్నది కాబట్టి ఎత్తూ బరువూ చూశారంటే అర్థముంది. మరి మెడలో తాళి పడితే విమానం బరువెక్కుతుందా?

తర్వాత విమానాలు ఎంతో పెద్దవయ్యాయి. షరతులు మాత్రం అలాగే ఉండిపోయాయి. 1960లో ఎయిరిండియాకి బోయింగ్ 707 జెట్ విమానాలొచ్చాయి. కానీ ఆ తర్వాత రెండు దశాబ్దాలైనా అక్కడి ఎయిర్‌హోస్టెస్‌లకి 35 ఏళ్లు నిండినా, చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకున్నా, మొదటిసారి గర్భం వచ్చినా ఉద్యోగం పోయేది. ఇదెక్కడి న్యాయమని నర్గేష్ మీర్జా తదితరులు కోర్టుకెక్కారు. గర్భం వస్తే ఉద్యోగం తీసెయ్యడం భారత స్త్రీని అవమానించడమేనని 1981లో సుప్రీంకోర్టు ఆ నిబంధనని కొట్టేసింది. నాలుగేళ్లదాకా పెళ్లి వద్దన్న నిబంధనని మాత్రం సమర్థించింది. గెలుపు కూడా సగమే!

ఎలెన్ పద్దెనిమిది నెలలు పనిచేశాక కారు ప్రమాదంలో గాయపడి ఆ ఉద్యోగం మానుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో నర్సుగా చేరి, గాయపడిన సైనికులని విమానాల్లో తరలించి పతకం అందుకుంది. ఎయిర్‌లైన్ పైలట్ కావాలన్న కోరిక మాత్రం తీరలేదు. అయితే అయోవా రాష్ట్రంలో, ఆమె పుట్టిన క్రెస్కో ఊళ్లోని విమానాశ్రయానికి ఇప్పుడు ఆమె పేరే ఉంది.

ఇవాళ బోయింగ్ 737 విమానాల తోకమీద నిలువుగా కనిపించే భాగం మన హైదరాబాద్ దగ్గరి ఆదిభట్లలోనూ తయారవుతోంది. విమానరంగం మన గుమ్మందాకా వచ్చింది. మీ అమ్మాయి అందులోనో మరెందులోనో ఉద్యోగానికి ఎంపికైతే స్వీట్లు పంచండి, తప్పులేదు. సంతకం పెట్టేముందు మాత్రం జీతం అంకె ఒక్కటే చూసి ఊరుకోకండి. పెళ్లి, కాన్పు, సెలవుల గురించి ఆ కాగితంలో ఏం రాశారో తల్లీకూతుళ్లిద్దరూ కూర్చుని చదవండి. అడగాల్సినవి ముందే అడగండి. అడిగినవాళ్లుండబట్టే కదా, ఇంతదాకా వచ్చాం!