మునిగిన ఊళ్ళ రాళ్ళు రేపటికి చెప్పే కథ

కొల్లాపూర్: ఎండాకాలంలో శ్రీశైలం జలాశయం నీరు తగ్గితే సోమశిలకు ఎదురుగా, అవతలి ఒడ్డు వైపు సప్తనదుల సంగమేశ్వరుని గుడి బయటపడుతుంది. వరద రాగానే మళ్ళీ మునుగుతుంది. మనకిది అలవాటైన దృశ్యమే.

ఇటువంటి దృశ్యాన్నే లండన్‌లో ఒక శిల్పి కావాలని కల్పించాడు. ఆయన పేరు జేసన్ డికైర్స్ టేలర్. 2015లో థేమ్స్ నదిలో నాలుగు గుర్రాలను, వాటిపై రౌతులను నిలిపాడు. గుర్రాలకు తలల బదులు చమురు తోడే యంత్రాలు పెట్టాడు. సముద్రపు పోటుకు నది పొంగితే అవి మునిగేవి, ఆటుకు తేలేవి. బొగ్గు, చమురు ఇలాగే తగలబెడితే భూమి వేడెక్కి, సముద్రం పెరిగి, రేపటి లోకం ఇలా ఉంటుందని ఆయన హెచ్చరిక.

అక్కడ అది ఊహ. ఇక్కడ జరిగిపోయిన సంగతి. మనల్ని ముంచింది సముద్రం కాదు, ఆనకట్ట.

885 అడుగుల పూర్తి మట్టానికి నీరు నిలిస్తే మునిగే గుళ్ళలో కొన్నింటిని ముందే తరలించారు. కృష్ణా తుంగభద్రల కూడలిలోని కూడవెల్లి సంగమేశ్వరాలయం చాళుక్యుల నాటిది. దాని రాళ్ళకు నంబర్లు వేసి, విప్పి తెచ్చి, అలంపూర్‌లో తిరిగి పేర్చారు. సోమశిల, జటప్రోలు గుళ్ళూ మెరకకు చేరాయి. మంచి పనే.

మరి మనుషులో? సుమారు వంద ఊళ్ళు మునిగాయి. 1981లో ఇళ్ళు కూలగొట్టి ఖాళీ చేయించారు. ఇంటికో ఉద్యోగమంటూ 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. ఆ కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి ముసలివాళ్ళయినవారు ఎందరో.

మొదట 308 టి.ఎం.సి.లు పట్టిన జలాశయం ఇప్పుడు సుమారు 215 మాత్రమే పడుతోంది. తగ్గిన మేరా ఒండ్రే. దాని కింద మన రోళ్ళు, గడప రాళ్ళు, బావి గట్లు ఉన్నాయి. వేల ఏళ్ళకు ఎవరైనా తవ్వితే గుడి చోటు ఖాళీగా, ఇళ్ళ రాళ్ళు ఉన్నచోటే కనబడతాయి. ఎవరిని జాగ్రత్తగా తీసుకుపోయారో, ఎవరిని తరిమారో వారికి ఇట్టే తెలుస్తుంది.

అంతదాకా ఆగనక్కరలేదు. పాత ఊరి వీధులు, బావులు, పొలాల పేర్లు ఎరిగిన పెద్దలు ఇంకా ఉన్నారు. వారిచేత చెప్పించి మనుమలు ఒక నోటుబుక్కులో రాసుకుంటే, ఆ ఊళ్ళు కొంతయినా మునగకుండా మిగులుతాయి.